సురభి నాటక సమాజములు: మకాము నాటకముల వరుస

నాటక సమాజ మొకటి యూరికి వచ్చుచున్నదని వినఁగానే మనలోఁ బెక్కండ్రు "ఏ నాటకము?" అని యడుగుదురు. సురభివారి విషయమున నీ ప్రశ్న చాలదు. "ఎన్ని నాటకములు? ఎన్ని దినములు?" అని యడుగవలయును. పూర్వము వారు ఒక రాత్రి వేషము గట్టి, మఱునాఁ డుదయమున బండి యెక్కి పోవువారు గారు. పిల్లలతో, వృద్ధులతో, వంటపాత్రలతో, తెరలతో, హార్మోనియముతో వచ్చి, యూరిలో మకాము వేసి, రాత్రి కొక నాటకము చొప్పున వారములు, ఒక్కొక్కచో నెలలు ప్రదర్శించి, పిమ్మట నావలి యూరికిఁ దరలువారు. ఈ వరుసయే వారికి జీవనోపాధి. వారి బిడ్డలకుఁ బాఠశాలయు నిదియే.

తెలుఁగునాట విద్వత్కవులు వ్రాసిన నాటకములతో, ప్రభువుల ధనముతో, మహానటుల కీర్తితో వెలసిన సమాజము లనేకములు గలవు. వానిలోఁ బెక్కు నేఁడు పుస్తకములలోని పేరులుగా మాత్రమే మిగిలినవి. కళాశాల చదువు గాని సంస్థానాధీశుల శాశ్వత పోషణ గాని లేని సురభి కుటుంబములు 1885 మొదలు నేఁటి దాఁక రంగస్థలమును విడువక నిలిచినవి. ఇది యెట్లు సాధ్యమయ్యెను? ఈ ప్రశ్నకు సమాధానము వారి నాటకముల వరుసలోనే యున్నదని నా యభిప్రాయము. కళాపోషకులగు మహాజనుల యెదుట నా విషయమును మనవి చేయుటకే యీ వ్యాసము.

సురభి యనునది కడప మండలములోని యొక గ్రామము. మహారాష్ట్ర దేశమునుండి దక్షిణమునకు వచ్చి తెలుఁగుసీమలో స్థిరపడిన ఆరె కుటుంబములు కొన్ని తోలుబొమ్మలాట వృత్తిగా నూరూరను దిరుగుచుండెను. ఇంట వారి మాట మరాఠీ, ఆటలో వారి మాట తెలుఁగు. ఆ వంశములలోని వనారస గోవిందరావుగారు 1885లో సురభి గ్రామమున కీచకవధ నాటకమును బ్రదర్శించిరి. అంతవఱకుఁ దెరవెనుక నిలిచి బొమ్మల నాడించిన చేతులే యానాఁడు తామే వేషములు ధరించి తెరముందునకు వచ్చెను. ఆ గ్రామము పేరే యా కుటుంబములకుఁ గీర్తినామమై, ఇంటిపేరులు వేఱైనను లోకమున కందఱును "సురభివారు" అయిరి.

తోలుబొమ్మలాటనుండి వీరు తెచ్చుకొన్న సొత్తు నెంచి చూడవలయును. బొమ్మలాట కుటుంబము మొత్తము చేయవలసిన పని. ఒకరు బొమ్మ నాడింతురు, ఒకరు పాడుదురు, ఒకరు మద్దెల వాయింతురు, ఒకరు దీపము చూచుకొందురు. సీతకును ద్రౌపదికిని గొంతు నిచ్చునది ఇంటి యిల్లాలే. రామాయణ భారత కథలు వారి నోట నుండెను. గ్రంథము చేతఁ బట్టక, విని నేర్చి, సమయోచితముగా మాట పెంచియుఁ దగ్గించియుఁ జెప్పు నేర్పు వారికి వంశపారంపర్యముగ వచ్చెను. కనుక బొమ్మను విడిచి వేషము గట్టిన నాఁటికే యొక్క కథ గాక పెక్కు కథలును, ఒక్క నటుఁడు గాక యొక యింటి నటవర్గమును వారికి సిద్ధముగ నుండినవి.

ఆ కాలముననే తెలుఁగు రంగస్థల మితరత్ర యెట్లుండెనో చూతము. 1880లో రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచే నాటకము లాడించిరి. బళ్లారిలో ధర్మవరము కృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు సభలు నడపి స్వయముగా నాటకములు రచించిరి. 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును బ్రదర్శించిరి. నెల్లూర వేదము వేంకటరాయశాస్త్రిగా రాంధ్రభాషాభిమాని సమాజమును నెలకొల్పిరి. ఈ మహనీయుల కృషి వలననే నాటకము మన సాహిత్యమునఁ బీఠమెక్కినది. అయితే యీ సభలలోని వారు తఱచుగా న్యాయవాదులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు. పగలు వారి కొక వృత్తి కలదు. నాటకము తీఱిక వేళ నాడునది. ఒక నాటకమును మాసముల తరబడి యభ్యసించి, కొలఁది రాత్రు లాడి, మరల వారి వారి పనులలోఁ బ్రవేశించుచుండిరి. ఉద్యోగము మాఱిన నటుఁడు పోవును. ప్రధాన పురుషుఁడు గతించిన సభయే పోవును.

తరువాత మైలవరము మొదలగు చోట్ల ధనికుల పోషణతోఁ బెద్ద సమాజములు వెలసెను. వస్త్రములు, తెరలు, ఆభరణములు ఘనముగ నుండెను. యడవల్లి సూర్యనారాయణగారి వంటి నటు లందు ప్రకాశించిరి. కాని ప్రభువు చేయి వెనుకకుఁ దీసినప్పుడు సమాజము నిలువఁజాలదు. అటుపిమ్మటఁ గంట్రాక్టు నాటకముల కాలము వచ్చెను. వ్యాపారి యొకఁడు ఒక్కరాత్రికిఁ బేరుగాంచిన నటుల నొకచోటఁ జేర్చును. ఒక్క నాటకముననే యిద్దఱు మువ్వురు శ్రీకృష్ణులు వరుసగ వచ్చి పద్యములు పాడుదురు. ప్రేక్షకులు "వన్స్‌మోర్" అని కేకలు వేయుదురు. ఆ పద్యముల మాధుర్యమును నేను దక్కువ సేయను. ఆ రాత్రులు తెలుఁగువారి చెవులలో నేఁటికిని మ్రోగుచున్నవి. అయినను తెల్లవాఱునప్పటికి నటులు నలుదెసలకుఁ బోవుదురు. వెనుక సమాజమన్నది మిగులదు. చిన్నపాత్రలు వేయువారికి శిక్షణము లేదు, తెరలాగువాని కాదరణము లేదు.

సురభివారి మార్గము దీనికి భిన్నము. దాని తర్కము మిక్కిలి సులభము. ఒక చిన్న పట్టణమున మకాము వేసినచో, అదే నాటకము నిరువది రాత్రు లాడిన జనము రారు. కావున రాత్రికొక క్రొత్త నాటకము గావలయును. అన్ని నాటకములు గావలెనన్న నొక్కొక్క నటుఁడు పెక్కు వేషములు కంఠస్థము చేసియుండవలయును. నేఁడు కృష్ణుఁడైనవాఁడు రేపు మాంత్రికుఁడు, ఎల్లుండి తెరవెనుక త్రాడు లాగువాఁడు. ఒకరికి జ్వరము వచ్చిన నింకొకరా వేషమున నిలువవలయును. ఇట్టి పనికి జీతమునకు వచ్చిన వారు చాలరు, ఇంటివారే కావలయును. ఇంటివారు నిలువవలెనన్న బిడ్డలకుఁ జిన్ననాఁటనే విద్య నేర్పవలయును. ఈ విధముగ నాటకముల వరుస కుటుంబమును నిలిపినది, కుటుంబము వరుసను నిలిపినది. రెంటిలో నేది తెగినను రెండవది నిలువదు.

బిడ్డల శిక్షణ మెట్లు జరుగునో వారి నాటకముల పట్టికయే చెప్పును. శ్రీకృష్ణలీలలలో నొడిలోని శిశువున కొక చోటు గలదు, వెన్న దొంగిలించు బాలున కొక చోటు గలదు. భక్తప్రహ్లాదలోఁ బద్యము పాడఁగల బాలుఁడు గావలయును. లవకుశలో నిద్దఱు కుమారులు గావలయును. అటుపైని యౌవనమున శశిరేఖయో యభిమన్యుఁడో కావచ్చును. ప్రౌఢవయస్సునఁ గంసుఁడు, హిరణ్యకశిపుఁడు, ఘటోత్కచుఁడు. వార్ధకమున హార్మోనియము చెంతఁ గూర్చుండి పిల్లల కందించుట. ఒక మనుష్యుని జీవితము మొత్తమున కా వరుసలో వేషమున్నది. ఏ నాట్యకళాశాలకైన నింతకంటెఁ బూర్ణమైన పాఠ్యక్రమ మేమి గలదు?

స్త్రీల విషయము ప్రత్యేకముగఁ జెప్పఁదగినది. విద్యావంతుల సభలలోఁ బురుషులే స్త్రీపాత్రలు ధరించుచుండిన దినములవి. ఆ కళను స్థానం నరసింహారావుగారు పరాకాష్ఠ కందించి 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. బళ్లారి రాఘవగారు స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలయునని వాదించి, సంఘముతోఁ బోరాడవలసి వచ్చెను. సురభి కుటుంబములలో నిది వాదమునకే రాలేదు. తోలుతెర వెనుకఁ బాడిన యిల్లాండ్రే రంగస్థలముపైఁ బాడిరి. తల్లి, కూఁతురు, కోడలు ఒకే తెరయెదుట నిలిచిరి. ప్రక్కనే తండ్రి, అన్న, భర్త యుండిరి. సంస్కర్తలు గ్రంథములలోఁ గోరిన దానిని వీరు కడుపుకూటికై చేయు పనిలోనే నెఱవేర్చిరి.

కుటుంబము పెరిగిన కొలఁది సమాజములును బెరిగెను. కుమారులు, అల్లుండ్రు వేఱు కాఁపురములు పెట్టినట్లే వేఱు సమాజములు నెలకొల్పిరి. ఒక శాఖ కోస్తాలో నున్న నింకొకటి రాయలసీమలో, మఱియొకటి తెలంగాణమున నుండెను. ఉచ్ఛ్రాయ దశలో వీని సంఖ్య ముప్పదికిఁ బైబడినది. ఇట్టి శాఖలలో నొకటియైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని 1937లో రేకందారు చిన్న వేంకటరావుగారు స్థాపించిరి.

మకాము వేసిన సమాజము పని యెట్టిదో యిప్పటి యువకు లెఱుఁగరు గనుక గొంత వివరింతును. మొదట స్థలము గావలయును. వెదుళ్లు పాఁతి, తాటాకులతోఁ గాని రేకులతోఁ గాని పాక వేయుదురు. వెనుక రంగస్థలము, దాని వెనుకఁ గాఁపురములు. ముందు నేల తరగతి, ఆవల బెంచీలు, కుర్చీలు. దర్బారు, వీధి, అడవి, ఉద్యానవనము చిత్రించిన తెరలు పైనుండి చుట్టలుగ దిగును. ఇవి దాదాపు ప్రతి నాటకమునకు నుపయోగించును. నేఁడు దుర్యోధనుని కొలువైన తెరయే రేపు హిరణ్యకశిపుని కొలువు. క్రొత్త నాటకమున కైన నధిక వ్యయము లేకుండుట కిదియే కారణము. వరుస నాటకములకు నీ తెరలే మూలధనము.

ఇఁక వారి తంత్రములు జగత్ప్రసిద్ధములు. మాయాబజారున ఘటోత్కచుని మాయచే వస్తువులు తమంతఁ దాము కదలును. నారదుఁడు మేఘముల నడుమ దిగి వచ్చును. ఇరువైపుల నుండి వచ్చిన బాణము లాకాశమున నెదుర్కొని నిప్పులు గ్రక్కును. రంగస్థలముపై వాన గురియును. ఇందు యంత్ర మనఁదగినది మిక్కిలి తక్కువ. సన్నని తీఁగలు, కప్పీలు, నల్లని తెర, దీపము వెలుఁగు, వానిని సకాలమున లాగు చేతులు: ఇవియే సామగ్రి. ఒక్క క్షణము తప్పినచోఁ దీఁగ కనఁబడి సభ నవ్వును. ఆ చేతులు బొమ్మలాడించిన చేతుల మనుమలవి యని తెలిసికొన్నచో నాశ్చర్యము కొంత తగ్గి గౌరవము పెరుగును.

ఈ సౌధమునకు మొదటి యఘాతము సినిమా. విధి వైచిత్ర్యమేమన, ఆ సినిమాకు జన్మమిచ్చుటలో సురభివారి పాత్రయుఁ గలదు. తొలి తెలుఁగు టాకీయైన భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెను. హెచ్.ఎం. రెడ్డిగారు దానిని నిర్మించుటకు సురభివారి నాటకమునే యాధారముగఁ గొనిరి. అందు లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయిగారు తెలుఁగు తెరకుఁ దొలి కథానాయిక యైరి. ఊరూరను దిరిగి యొక కుటుంబము చెప్పిన కథను ఇఁక నొక రీలుపెట్టె చెప్పసాగెను. ఆ పెట్టెకుఁ బసిబిడ్డలు లేరు, జ్వరము లేదు, మకాము లేదు. ఒకే కథను నూఱు దినములు నూఱూళ్లలో నొక్కసారిగఁ జూపఁగలదు. జనుల పైకము క్రమముగ నటు మరలెను. సమాజము లొకదాని వెనుక నొకటి తెరలు చుట్టినవి. నేఁడు మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపఁదగినన్ని మాత్రమే.

మిగిలినవారు చేతులు ముడుచుకొని కూర్చుండ లేదు. 1951లో చలనచిత్రముగ ఖ్యాతి గాంచిన పాతాళభైరవి కథను రంగస్థలమున కెక్కించి, సినిమా తమనుండి కొన్నదానికి బదులు తీర్చుకొనిరి. 1990ల దశకమునఁ బ్రసిద్ధ కన్నడ దర్శకులు బి.వి. కారంత్‌గారు శ్రీ వేంకటేశ్వర నాట్యమండలివారితోఁ గలసి పనిచేసి భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ యను నాటకములను సిద్ధపఱచిరి. ఇందుఁ గడపటిది జర్మను నాటకకర్త బ్రెహ్ట్ రచన కనుసరణము. పురాణకథలు మాత్రమే వీరి కలవాటని తలంచినవారి కిది యొక సమాధానము. ఆ మండలిని నడపిన రేకందారు నాగేశ్వరరావుగారికి (సురభి బాబ్జీగా ప్రసిద్ధులు) 2013లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఆ సంవత్సరముననే వారు ఫ్రాన్సు దేశమున మెట్జ్ నగరపు నాటకోత్సవమునఁ బ్రదర్శన లిచ్చి వచ్చిరి. హైదరాబాదు నగరమున శేరిలింగంపల్లి కడ సురభి కుటుంబములు స్థిరనివాసము లేర్పఱచుకొన్నవి.

సంచారము తగ్గి స్థిరనివాసము గలుగుట సుఖమే. బిడ్డలు బడికిఁ బోవుచున్నారు. అది న్యాయము, అవశ్యము. కాని వరుస తెగినచో నే మగునో యిప్పుడు మనము చూచుచున్నాము. నేఁడు సంఘములు, ప్రభుత్వ శాఖలు, ఉత్సవ నిర్వాహకులు వీరి నొక్కరాత్రికి నాహ్వానింతురు. ఆ రాత్రికి మాయాబజారో, పాతాళభైరవియో కోరుదురు. ఏలయన వానిలోఁ దంత్రము లధికము. కరతాళధ్వనులు మ్రోగును, శాలువలు గప్పుదురు, ఛాయాచిత్రములు దీయుదురు. ఇదంతయు సన్మానమే. అయినను ఏఁడాదిలో నాడెడు నాటకములు రెండు మూఁడు మాత్రమే యయినప్పుడు తక్కిన పదునైదింటి మాటలు ఎవరి నోట నుండఁగలవు? గ్రంథమునఁ గాక కంఠమున నిలిచిన సంపద వాడుక లేనిచోఁ బోవును. కృష్ణలీలలు జరుగని యింట బాలకృష్ణునకుఁ బని లేదు. పని లేని బాలుఁడు పద్యము నేర్వఁడు. 2020లో మహమ్మారి కారణమున నాటకశాలలు మూఁతపడినప్పుడు, ఆట లేనిచో నట్టి కుటుంబము లెంత శీఘ్రముగ సంకటమునఁ బడునో లోకమునకుఁ దెలిసినది. ఒక్కరాత్రి సన్మానము అదే సంకటమును మెల్లమెల్లఁగఁ దెచ్చును. మనము పొగడుచునే వారి పట్టికను గుదించుచున్నాము.

దీనికిఁ గొంద ఱాక్షేపింపవచ్చును. "ఇరువది రాత్రులు నాటకములు చూచు తీఱిక నేఁడెవరికిఁ గలదు? చేతిలోని యంత్రమునందే లోకమంతయుఁ గనఁబడుచుండఁగాఁ దీఁగలపై యెగురు బాణము నెవరు చూతురు?" అని. ఈ మాటలో సత్యము లేకపోలేదు. వారి నాటకములు కొన్ని దీర్ఘములు. కొన్నింటఁ దంత్రము నటనను మ్రింగివేయుటయుఁ గలదు. క్రొత్త రచనలు చాలినన్ని లేవు. కాని వరుస యన్నప్పుడు ప్రతివాఁడు ప్రతి రాత్రియు రావలెనని యర్థము గాదు. ఊరిలోఁ బదిమంది పదివేఱు రాత్రులు వచ్చిననుఁ బాక నిండును. పూర్వమును జరిగిన దిదియే. లోపముల మాట కూడ వరుసయందే చక్కఁబడును. క్రొత్త నాటకము మొదటి రాత్రి తడఁబడును, రెండవ మకామున నిలువఁదొక్కుకొనును, మూఁడవ మకామునఁ బండును. ఒక్కరాత్రి పిలుపులో తడఁబడుటకుఁ దావే లేదు. కనుక క్రొత్తదానికిని దావు లేదు.

కావున మహాజనులకు నా విన్నప మిది. రాఁబోవు కాలమున నే నాటక సమాజమైన మీ పట్టణమున నాటకముల వరుస ప్రకటించినచో, కరపత్రమును గడదాఁకఁ జదువుఁడు. మాయాబజారు పేరుతోనే యాగవలదు. మీరు పేరైన వినని నాటకము పట్టికలో నున్నచో నా రాత్రికే టిక్కెట్టు గొనుఁడు. ఏలయన ఆ నాటకమునకే మీ యవసర మెక్కువ. ఉచితముగఁ జూడఁగోరకుఁడు, సమాజమునకు శాలువకంటె నమ్మిన టిక్కెట్టు గౌరవము. పిల్లలను వెంటఁ గొని పొండు. దానము చేయ సంకల్పించిన సంపన్నులు ధనముతోపాటు స్థలమును గూర్చి యాలోచింపుఁడు. ఒక మాసమో రెండు మాసములో పాక వేసికొనఁ దగిన నేల, నీరు, విద్యుత్తు గలిగించి, "మీకుఁ దోఁచిన నాటకము లన్నియు నాడుఁడు" అన్నచో నది యొకరాత్రి కిచ్చు పెద్ద మొత్తముకంటె మేలు. సంఘముల యధీనమునఁ గల్యాణమండపములు, వసతిగృహముల యావరణములు, ఖాళీ స్థలములు పెక్కు గలవు. పెండ్లిండ్లు లేని మాసములలో నవి యూరకయే యుండును.

గోవిందరావుగారి నాఁడు ఒక పల్లె యెదుటఁ గూర్చుండి చూచెను గనుకనే బొమ్మలాటవారు నటులైరి. ఆ పల్లె పేరు నూఱేండ్లు దాటియు నూరూరను వినఁబడినది. ఒక గ్రామము తన యాదరమునకుఁ బ్రతిఫలముగ నింతకంటె నేమి పొందఁగలదు? అట్టి పేరు పొందు భాగ్యము నేఁటి పట్టణములకు సైతము కలదు. స్థల మిచ్చి, టిక్కెట్టు గొని, వరుసగాఁ గొన్ని రాత్రులు పాకలోఁ గూర్చుండినఁ జాలును.